బిడ్డ బయటపడ్డాకే

నర్సుల శిక్షణ కేంద్రం,
ఆడపిల్లల హాస్టలు, మేడ మీద చివరి గది

అత్తకు,

వచ్చి ఇన్నాళ్ళయినా ఉత్తరం ముక్క రాయలేదని కోపంగా ఉంటావు. బద్ధకం కాదు, భయం. నేను ఒక్క మాట దిగులుగా రాస్తే చాలు, అన్నయ్య బస్సెక్కి వచ్చి నన్ను లాక్కుపోతాడని. ఇప్పుడు దిగులు తగ్గింది, అందుకే రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తున్నాను. కూడబలుక్కుని చదువుకో. మన ఇంట్లో అక్షరం వచ్చింది మేనత్తా మేనకోడళ్ళం మనిద్దరికే కదా. నాకు బడిలో వచ్చింది, నీకు నా పలక పక్కన కూర్చుంటే వచ్చింది.

గదిలో నలుగురం ఉంటాం. కిటికీ తీస్తే ఆసుపత్రి వెనక దుప్పట్లు ఆరేసే తీగలు కనిపిస్తాయి. ఎంత ఉతికినా కొన్ని మరకలు పోవు. మొదట్లో అటు చూసేదాన్ని కాదు. ఇప్పుడు అక్కడే నిలబడి పళ్ళు తోముకుంటున్నాను.

మాకు పాఠం చెప్పే మేడం ఛాతీ మీద చిన్న గడియారం తగిలించుకుని తిరుగుతుంది. అందుకని ఆవిడకు గడియారం మేడం అని పేరు పెట్టాం. జవాబు తప్పు చెబితే తిట్టదు. గడియారం వంక చూసి, "నువ్వు ఆలోచించేలోపు ఒక తల్లి వెళ్ళిపోయింది" అంటుంది. దానికంటే తిట్టినా బాగుండు. కాన్పు నేర్పడానికి తోలుతో కుట్టిన నడుము, గుడ్డబొమ్మ బిడ్డ ఉన్నాయి. మా గదిలో పొడుగమ్మాయి మొన్న బొమ్మను లాగిన లాగుడికి దాని మెడ ఊడి వచ్చింది. "బొమ్మ కాబట్టి సూదీదారంతో సరిపోయింది" అన్నది మేడం.

నీకు చెప్పాలని ఆత్రంగా ఉన్న సంగతి ఒకటి ఉంది. బిడ్డ బయటపడ్డాక తల్లికి రక్తం పోకుండా ఆపే సూది ఉందత్తా. గర్భసంచిని పిడికిలిలా బిగించేస్తుంది. నిన్న ప్రసవాల గదిలో కళ్ళారా చూశాను. నువ్వు ఊళ్ళో పురుళ్ళు పోసినప్పుడల్లా అరచేత్తో పొత్తికడుపు నొక్కుతూ, దేవుడికి మొక్కుతూ కూర్చునేదానివే, ఆ పని ఆ సూది ఇట్టే చేసేసింది.

వదినకు ఐదో నెల వచ్చి ఉంటుంది. పోయినసారి బిడ్డ నీలంగా పుట్టి, ఒక్కసారైనా ఏడవకుండా పోయినప్పుడు నేను వేడినీళ్ళ గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాను. గిన్నె ఎక్కడ దించాలో కూడా తెలియలేదు. నేను ఇక్కడికి వచ్చింది అందుకే. ఈసారి వదినను ఇక్కడికి పంపించు. ఈసారి బిడ్డ బతకాలి. అన్నయ్య ఎవరి మాటా వినడు. నువ్వు చెబితే వింటాడు.

నీ కోడలు


ఇంటి నుంచి

చదువుల కోడలికి,

నీ ఉత్తరం పొయ్యి ముందు కూర్చుని చదివాను. పాలు పొంగిపోయాయి. దానికి నువ్వే బాధ్యురాలివి.

గుడ్డబొమ్మకు పురుడు పోయడానికి అంత దూరం పోవాలా? మన ఇంట్లో పాత గుడ్డలు లేవా? ఆ బొమ్మ తల్లి నొప్పులు పడుతూ మొగుణ్ణి తిడుతుందా? తిట్టని తల్లికి పురుడు పోస్తే ఏం గొప్ప? మొన్న దర్జీ పెళ్ళాం తిట్టిన తిట్లకు ఆ దర్జీ కత్తెర పారేసి పరుగు. బిడ్డ పుట్టాక కూడా వాకిట్లోంచే "శాంతించిందా?" అని అడుగుతున్నాడు.

మీ అన్నతో చెప్పాను. గోడకు చెప్పినా బాగుండేది, గోడ ఎదురు మాట్లాడదు. "నన్నూ చెల్లినీ భూమ్మీదకు తెచ్చింది నువ్వు. అమ్మా నాన్నా పోయాక పెంచింది నువ్వు. నీ చేతుల్ని కాదని పరాయివాళ్ళ ముందు నా పెళ్ళాన్ని పడుకోబెట్టనా?" అన్నాడు. పైకి కసిరాను. నిజం చెప్పొద్దూ, లోపల కాస్త బాగానే అనిపించింది.

మీ వదిన సంగతి నీకు తెలిసిందే, నోట్లో నాలుక లేని మనిషి. ఏం చేద్దామే అంటే "మీ ఇష్టం" అంటుంది. కానీ నిన్న గిన్నెలు తోముతూ, గిన్నెలతో చెప్పినట్టు, "ఈసారీ అలాగే అయితే నేను ఉండనత్తా" అంది.

అందుకే అడుగుతున్నాను. తాతకు దగ్గులు నేర్పుతున్నావని అననులే, ఆ సూది సంగతి వివరంగా రాయి. మన మందుల కొట్టాయన దగ్గర అలాంటిదే ఉందట, చిన్న గాజు సీసాలో. ఆయన అది నొప్పులు రావడానికి అంటాడు. నువ్వు రక్తం ఆగడానికి అంటావు. రెండూ ఒకటేనా? గర్భసంచిని బిగించేదే అయితే నొప్పులు తెచ్చేదీ అదే కావాలి కదా. పేరు రాసి పంపు. సూది పొడవడం నాకు వచ్చు. పశువుల డాక్టరు వెంట తిరిగి నేర్చుకున్నాను. నవ్వకు, గేదె కన్నా మనిషి తన్నేది తక్కువ.

అన్నం వేళకు తింటున్నావా?

అత్త


హాస్టలు

అత్తకు,

పరీక్షలు. గబగబా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

పేరు విడి కాగితం మీద రాసి పెట్టాను, కొట్టాయనకు అది చూపించు. అవును, రెండూ ఒకటే మందు. నువ్వు అన్నది అక్షరాలా నిజం. నొప్పులంటే గర్భసంచి బిగుసుకోవడమే, దాన్ని బిగించేది ఈ మందే. మా క్లాసులో సగం మందికి బుర్రకెక్కని సంగతి నువ్వు పాలు పొంగించుకుంటూ పట్టేశావు! పొడుగమ్మాయికి చదివి వినిపించాను. "మీ అత్తను పంపించి నువ్వు ఇంటికి పో" అంది.

తొడ కండలో వేయాలి. సూది బాగా మరగబెట్టు. మందు ఎండలో ఉంటే బలం పోతుంది, కొట్టాయన ఎక్కడ దాస్తున్నాడో చూసి కొను. మిగతాది పరీక్షలయ్యాక రాస్తాను.

వదిన ఎలా ఉంది? కాళ్ళు వాస్తున్నాయా, తలనొప్పి అంటోందా, అడిగి రాయి.

నీ కోడలు


ఇంటి నుంచి

కోడలా,

మీ వదిన కాళ్ళు వాయలేదు. తలనొప్పి మీ అన్నతో తప్ప వేరే లేదు. వారానికోసారి పొట్ట తడిమి చూస్తున్నాను. బిడ్డ ఇంకా చేపపిల్లలా తిరుగుతోంది. ఏడో నెల కదా, తిరగనీ. తల కిందికి దిగడానికి వ్యవధి ఉంది.

నీ సూది మంచిదే. నా పేరు పక్క వీధుల దాకా పాకింది. ఇదివరకు పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా నడుము విరిగేది. ఇప్పుడు పొద్దు గూకకముందే ఇంటికొచ్చి అన్నం తింటున్నాను. "చదువుకున్న కోడలుంటే అంతేనమ్మా" అంటున్నారు. నీ ఉత్తరం పెట్టెలో దాచాను, అడిగినవాళ్ళకు చూపిస్తున్నాను. వాళ్ళకు చదవడం రాదు, అయినా పట్టుకుని చూస్తారు.

దర్జీ పెళ్ళాం చెల్లెలికి మగపిల్లాడు. ఏడవడానికి కాస్త తాత్సారం చేశాడు గానీ ఏడ్చాడు. ఇప్పుడు పాలు సరిగ్గా పట్టుకోవడం లేదంటున్నారు. అదే సర్దుకుంటుంది.

వడ్రంగి కోడలికి నెలలు నిండాయి. నిన్ను బాగా తలుచుకుంటోంది. "నర్సమ్మ వచ్చేదాకా ఆపుకుంటా" అని నవ్వుతోంది, ఆపుకునేదేనా అది!

అత్త


ఆసుపత్రి, ప్రసవాల గది పక్క వరండా

అత్తా,

వడ్రంగి కోడలు పోయింది. ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. ఎలా పోయిందో నీకు తెలియదు. అది రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు.

మధ్యాహ్నం మేం అన్నానికి వెళ్తుంటే ట్రాక్టరు వచ్చింది. తొట్టిలో మంచం, మంచం మీద మనిషి. ముందు మంచాన్నే గుర్తుపట్టాను, వడ్రంగి ఇంటి మంచం కోళ్ళు ఎక్కడున్నా తెలుస్తాయి. నేను ఇక్కడికి బయల్దేరిన రోజు నా పెట్టె బస్సు దాకా మోసింది తను. నన్ను చూసి "వచ్చావా" అంది. వచ్చింది తను, నేను కాదు. అది కూడా తెలియనంతగా ఉంది. ముఖం సున్నంలా తెల్లబారింది. చేతులు చల్లగా, తడిగా ఉన్నాయి. "నొప్పులు ఆగిపోయాయి, ఇప్పుడు హాయిగా ఉంది" అంది. గడియారం మేడం పొట్ట మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగి, "నువ్వూ పెట్టి చూడు" అంది. పెట్టాను. చర్మం కిందే బిడ్డ మోచెయ్యి తగిలింది. అంత పైన తగలకూడదు. గర్భసంచి చిరిగిపోయింది అత్తా. బిడ్డ అందులో లేడు, బయట కడుపులో ఉన్నాడు.

డాక్టరుగారు కోశారు. ఇద్దరూ దక్కలేదు.

అప్పుడు మేడం బయటికి వచ్చి, వడ్రంగి పెళ్ళాన్ని అడిగింది. "ఏదైనా సూది వేశారా?" ఆమె నన్నే చూసింది. తర్వాత నేల చూసింది. "తెలియదమ్మా" అంది. మేడం నన్ను అడిగింది, "మీ ఊరే కదా, అక్కడ సూది వేసేదెవరు?" నేనూ "తెలియదు మేడం" అన్నాను.

మేడం వెళ్ళాక ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మీ అత్త పొద్దున ఒకటి వేసింది. కదలకపోతే ఇంకొకటి వేసింది. మీ అత్త తప్పు లేదమ్మా, మా పిల్లలందరినీ ఆ చేతులే పట్టుకున్నాయి. నువ్వే రాశావంట కదా మంచిదని." తిట్టలేదు. తిట్టి ఉంటే నిలబడగలిగేదాన్ని.

ఇప్పుడు నేను ముందే రాయాల్సింది రాస్తున్నాను. ఆ సూది బిడ్డ బయటపడ్డాకే వేయాలి. ముందు వేయకూడదు. దారి తెరుచుకోకముందు వేస్తే గర్భసంచి బిడ్డను గోడకేసి నొక్కినట్టు నొక్కుతుంది. ఆ నొప్పులు మధ్యలో ఆగవు, బిడ్డకు ఊపిరి అందదు. బిడ్డకు దారి లేకపోతే సంచి చిరుగుతుంది. ఆసుపత్రిలో కూడా నొప్పుల కోసం వాడతారు గానీ, సెలైనులో చుక్కచుక్కగా, పక్కనే మనిషి కూర్చుని, కోసే డాక్టరు ఉన్నచోట. సూదిలో నింపి ఒక్కసారిగా పొడవరు. దర్జీ మరదలి బిడ్డ ఎందుకు ఆలస్యంగా ఏడ్చాడో, ఎందుకు పాలు పట్టుకోవడం లేదో నాకిప్పుడు అర్థమైంది. "పొద్దు గూకకముందే ఇంటికొస్తున్నాను" అని నువ్వు రాశావు. నేను చదివాను. చదివి సంబరపడ్డాను. ఎలా అవుతోందని అడగలేదు.

ఇక ఎవరికీ వేయకు. వదినకు అసలే వద్దు. వదినను పంపించు.


ఇంటి నుంచి

కోడలికి,

ఏరు దాటాక తెప్ప తగలేశావు. బాగుంది.

"నువ్వు అన్నది అక్షరాలా నిజం" అని రాసింది ఎవరు? కాగితం మీద పేరు రాసి పంపింది ఎవరు? పెట్టె తీసి మళ్ళీ చదివాను. తొడలో వేయాలని ఉంది, మరగబెట్టమని ఉంది, ఎండలో పెట్టొద్దని ఉంది. ముందు వేయొద్దని లేదు. మొదటి ఉత్తరంలో "బిడ్డ బయటపడ్డాక" అని ఉంది. ఉంది, కాదనను. నేను అడిగింది దాని తర్వాత. అడిగినదానికి నువ్వు అవునన్నావు.

దాని చేతిని నేను వదల్లేదు. తెలుసా? రెండో సూది వేశాక అది నా వేళ్ళు విరిచేసినంత గట్టిగా పట్టుకుంది, తర్వాత ఒక్కసారి వదిలేసింది. నొప్పి తగ్గిందత్తా అంది. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. అనుకున్నాను కోడలా. చెమటలు చూసి అప్పుడు ట్రాక్టరు కోసం పరుగెత్తాను. నేనూ ట్రాక్టరు ఎక్కుతానంటే వడ్రంగి వద్దన్నాడు. చోటు లేదన్నాడు. చోటు ఉంది.

మీ వదినకు నేను సూది వేయను. ఇది నా మాట. కానీ పంపమంటే నా వల్ల కాదు. మీ అన్న "ఆసుపత్రికి పోయిన మనిషే కదా శవమై వచ్చింది" అంటున్నాడు. ఊళ్ళో అందరూ అదే అంటున్నారు. నేను నోరు విప్పితే తప్ప వాళ్ళకు వేరే సంగతి తెలియదు. నేను విప్పలేదు. నువ్వూ విప్పలేదు కదా. ఇద్దరం ఒక గూటివాళ్ళమే.

ఎవరికీ చెప్పకు. ఈ వయసులో నన్ను స్టేషనుకు నడిపిస్తావా?


హాస్టలు

అత్తకు,

చెప్పేశాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు చెప్పాను. సూది నువ్వు వేశావని, పేరు రాసి పంపింది నేనని, మందు అమ్మింది కొట్టాయనని, నేను తెలియదన్నది అబద్ధమని. మేడం గడియారం చూడలేదు. కాగితం తీసి ఆ కొట్టు ఎక్కడుందో రాసుకుంది. తర్వాత, "మీ అత్త లాంటివాళ్ళు ఇంకెంతమంది ఆ కొట్టులో కొంటున్నారు?" అని అడిగింది. నేను దాని గురించి ఆలోచించనే లేదు. నీ గురించి, నా గురించి మాత్రమే ఆలోచించాను.

నా ఫలితం ఆపారు. సర్టిఫికెట్ ఇస్తారో లేదో తెలియదు. క్లాసులో అందరి ముందూ జరిగింది చెప్పమన్నారు, చెప్పాను. పొడుగమ్మాయి ఆ రోజు నుంచి నాతో తక్కువ మాట్లాడుతోంది.

ఆసుపత్రి జీపు వస్తుంది. పోలీసులను తేవడం లేదు, నేను అడిగాను. కొట్టు చూస్తారు, గర్భంతో ఉన్నవాళ్ళను చూస్తారు. వదినను చూడనివ్వమని అన్నయ్యకు చెప్పు. నువ్వు నన్ను ఏమన్నా పడతాను. ఒక్కటి మాత్రం విను. వదిన మీద నువ్వు చెయ్యి వేయకు. సూది సంగతే కాదు, తడమడం, నొక్కడం, ఏదీ వద్దు. అసలు ముట్టుకోకు. నీ చేతులంటే నాకిప్పుడు భయంగా ఉంది.

నీ కోడలు


ఇంటి నుంచి, మీ అన్న చేతికి

కోడలికి,

ఈ కాగితం మీ అన్న ఇస్తాడు. ఇవ్వకపోతే మీ వదిన దగ్గర ఇంకొకటి పెట్టాను, అడుగు.

జీపు వచ్చి పోయింది. కొట్టుకు తాళం పడింది. కొట్టాయన తమ్ముడు ఇంట్లోంచి అమ్ముతున్నాడు. నర్సమ్మలను మీ అన్న గుమ్మం ఎక్కనివ్వలేదు. "నా చెల్లెలు మా పరువు తీసింది చాలదా, మీరు కూడా వచ్చారా" అని తలుపేశాడు. వడ్రంగి ఇంటికి నేనే వెళ్ళి, చేసింది చెప్పాను. వడ్రంగి పని ఆపి విన్నాడు. విని మళ్ళీ చెక్క చెక్కుకున్నాడు. అతని పెళ్ళాం మాత్రం లోపలికి వెళ్ళిపోయింది. నన్ను ఇప్పుడు ఎవరూ పిలవడం లేదు. పిలిచినా పోను.

నిన్న పొద్దున మీ వదినకు నొప్పులు మొదలయ్యాయి. మీ అన్న వచ్చి "అత్తా, రా" అన్నాడు. నేను రానన్నాను. కాన్పు అవుతున్న మనిషి పిలిస్తే ఇంతవరకు రానన్నది లేదు. నా చేతులు నా ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. లోపల అది మూలుగుతుంటే చెవుల్లో సీసం పోసినట్టుంది. "బస్సు ఉంది, తీసుకుపో" అని చెప్పాను. "నువ్వు చెయ్యి వేస్తేనే అవుతుంది" అని వాడు. "నేను వేయను" అని నేను. అలా ఒక పగలంతా పోయింది కోడలా. మేనత్తా మేనల్లుడూ మొండికేసి కూర్చుంటే లోపల మనిషి నలిగిపోయింది.

ఇవాళ పొద్దున వాడు కొట్టాయన తమ్ముడి దగ్గరికి పోయి ఆ సీసా తెచ్చాడు. "నువ్వు వేయకపోతే వాడే వచ్చి వేస్తాడు" అన్నాడు. చూపించమన్నాను. చేతిలో పెట్టాడు, మనసు మారిందనుకున్నాడు పాపం. రోకలి కింద పెట్టి పొడి చేశాను. వాడు నన్ను తోసేశాడు. మీ అన్న నన్ను తోసేశాడు. తలుపు కొట్టుకుని మోచెయ్యి వాచింది, అదేం లెక్క కాదు. మీ వదిన లోపల్నుంచి లేచి వచ్చింది, గోడ పట్టుకుని. నోట్లో నాలుక లేదనుకున్నామే, "నన్ను బస్సెక్కిస్తారా, నేనే నడిచి పోనా?" అంది. అప్పుడు కదిలాడు.

సూది పడలేదు. నేను కాపలా కాశాను. చెయ్యి కూడా వేయలేదు, నువ్వు వద్దన్నావని. నువ్వు రాసిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా పొట్ట ముట్టుకోలేదు. లోపల బిడ్డ ఎలా ఉందో నాకు తెలియదు.

చూసుకో.

అత్త


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు

అత్తా,

వదిన ఉంది. బిడ్డ లేదు. ఆడపిల్ల.

పోయినసారి నేను సగమే రాశాను. ఈసారి తెలిసినదంతా రాస్తాను. నీకు కష్టమైనా, నాకు కష్టమైనా.

బిడ్డ అడ్డంగా ఉంది. తల ఒక పక్క, కాళ్ళు ఒక పక్క. వదిన బస్సు దిగేసరికి ఒక చెయ్యి బయటికి వచ్చేసింది, ఆ చెయ్యి అప్పటికే నల్లబడింది. మేడం గొట్టం పెట్టి వింటే గుండె కొట్టుకుంటోంది, బాగా మెల్లగా. డాక్టరుగారు కోసి తీశారు. నా చేతికి ఇచ్చారు. తుడిచాను, నోరు శుభ్రం చేశాను, ముఖానికి పెట్టే రబ్బరు సంచీతో ఊపిరి ఊదాను. ఛాతీ లేచింది. నేను ఊదితే లేచేది, ఆపితే ఆగేది. మేడం నా భుజం మీద చెయ్యి వేసేదాకా ఊదుతూనే ఉన్నాను.

ఆ తర్వాత వదినకు రక్తం ఆగలేదు. అదే సూది. మేడం నన్నే వేయమంది. వేశాను. ఆగింది.

ఇప్పుడు విను. ఆ కొట్టాయన తమ్ముడు సూది వేసి ఉంటే, అడ్డంగా ఉన్న బిడ్డ మీద గర్భసంచి బిగుసుకుని, వదిన కూడా వడ్రంగి కోడలి దారినే పోయేది. డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు, నేను రెండుసార్లు అడిగాను కాబట్టి. నువ్వు ఆ సీసా పగలగొట్టావు, అందుకే వదిన ఉంది. అన్నయ్యకు కూడా ఈ మాట చెప్పాను. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "ఇంకా ముందే తెచ్చి ఉంటే?" అని అడిగాడు. నొప్పులు మొదలైన పొద్దునే తెచ్చి ఉంటే బతికేదేమో అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అతను లేచి బయటికి పోయి ఇంతవరకు రాలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఇది నాది. ఏడో నెలలో నువ్వు తడిమి చూసి, ఇంకా తిరుగుతోందని రాశావు. తొమ్మిదో నెలలో కూడా చూసి ఉంటే, తల దిగలేదని నీ చేతికి తెలిసేది. తెలిస్తే నొప్పులు రాకముందే తెచ్చేదానివి. తడమొద్దన్నది నేను. సూది గురించి చెప్పాల్సినచోట చేతుల గురించి చెప్పాను. కోపంలో, భయంలో, నీ దగ్గర మంచిదీ చెడ్డదీ కలిపి పారేశాను. మేడం కూడా నన్ను ఇదే అడిగింది, "నెలనెలా పొట్ట చూసేవాళ్ళే లేరా మీ ఊళ్ళో?" అని. ఉండేది మేడం, నేనే వద్దన్నాను అని చెప్పాను.

నువ్వు దీన్ని నీ నెత్తిన వేసుకోకు. వడ్రంగి కోడలిది ఇద్దరిదీ. ఇది నీది కాదు.

వదినకు పాలు పడ్డాయి. తాగే బిడ్డ లేదు. రొమ్ములు రాయిలా గట్టిపడి జ్వరం వచ్చింది. చల్లటి తడిగుడ్డ వేయాలని పుస్తకంలో ఉంది. గుడ్డ తడిపి పట్టుకుని పొద్దుటి నుంచి మంచం పక్కనే ఉన్నాను. నన్ను ముట్టుకోనివ్వడం లేదు. మేడంనూ ముట్టుకోనివ్వలేదు. ముఖం అటు తిప్పుకుని, "అత్తను పిలువు" అంటోంది.

మొదటి బస్సుకు రా.